ఎర్రగొంతు కనిపించని ఎర్రగొంతు లూన్: ఫ్లోరిడా బయూలో అరుదైన పక్షిని పోల్చుకోవడం

డిసెంబరు నెల, పొద్దున ఏడు దాటింది. ఫ్లోరిడాకు వాయవ్య మూలన నైస్‌విల్ అనే చిన్న ఊరు, ఊరిని ఆనుకుని బాగీ బయూ. నీళ్ల మీద పొగమంచు ఇంకా విడలేదు. పీతల బుట్టలకు కట్టిన తెల్ల బెండ్ల మధ్య ఒక బూడిదరంగు పక్షి తేలుతోంది. పొడుగాటి ఒళ్లు, సగం నీళ్లలోకి దిగి ఉంది. ముక్కు ముంచి లోపలికి తొంగిచూసింది, చప్పుడు లేకుండా మునిగింది. నలభై లెక్కపెట్టేసరికి, నేను చూస్తున్న చోట కాకుండా ఎక్కడో అవతల తేలింది. అది లూన్, నీళ్లలో మునిగి చేపలు పట్టే పక్షి. అంతవరకు అనుమానం లేదు. ఏ లూన్ అన్నదే చిక్కు.

గల్ఫ్ తీరం అంటే మనవాళ్లకు దుబాయ్, మస్కట్, కువైట్ గుర్తొస్తాయి. ఇది ఆ గల్ఫ్ కాదు, అమెరికాకు దక్షిణాన ఉన్న మెక్సికో గల్ఫ్. దాని ఒడ్డు వెంబడి నేలలోకి చొచ్చుకొచ్చిన నిదానపు నీటి పాయలను బయూలంటారు. చోక్టా ఆదివాసుల మాట ఒకటి లూసియానా ఫ్రెంచివాళ్ల నోట పడి అలా మారింది. కొల్లేటి వైపు వాళ్లకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు: ఉప్పుటేరు లాంటిది. ఎగువనుంచి మంచినీరు, దిగువనుంచి సముద్రపు నీరు. ఇక్కడి చోక్టాహాచీ బే చుట్టూ బాగీ, రాకీ, గార్నియర్, సింకో, జోస్ అని బయూలు చాలా ఉన్నాయి. పడమరగా పెన్సకోలా వెళ్తే బయూ టెక్సార్, బయూ గ్రాండీ. ఈ తీరంలో పోటు రోజుకు ఒక్కసారే, బే లోపల అదీ మూరెడు కూడా లేవదు. గాలి లేని పూట నీళ్లు అద్దంలా ఉంటాయి. నడిసముద్రంలో అల చాటున కనిపించీ కనిపించని పక్షి ఇక్కడ అరగంట సేపు కళ్ల ముందే ఉంటుంది. అరుదైన లూన్‌ని వెతకడానికి నేను బీచ్ కన్నా బయూకే ఓటు వేస్తాను.

లూన్లు ఇక్కడ పుట్టవు. మిన్నెసోటా, విస్కాన్సిన్, కెనడా సరస్సుల ఒడ్డున గూళ్లు పెట్టుకుని, అక్టోబరు చివర్లో, నవంబరులో దిగి వస్తాయి. ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చిన పక్షుల వెంట చూపు పెడితే చాలావరకు ముందు మిషిగన్ సరస్సులో ఆగి తిని, తర్వాత గల్ఫ్‌కో అట్లాంటిక్‌కో చేరుతున్నాయని తేలింది. మంచినీటి పక్షి ఉప్పునీటిలో ఎలా బతుకుతుందంటారా? దాని కళ్ల పైన ఉప్పుగ్రంథులున్నాయి. ఒంట్లోకి వెళ్లిన అదనపు ఉప్పును అవి చిక్కటి ద్రవంగా ముక్కు గుండా వదిలేస్తాయి.

ప్రపంచంలో లూన్ జాతులు మొత్తం ఐదు: కామన్, రెడ్-థ్రోటెడ్, పసిఫిక్, ఎల్లో-బిల్డ్, ఆర్కిటిక్. ఈ బయూల్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ కామన్ లూనే. మిగతావాటిలో రెడ్-థ్రోటెడ్, పసిఫిక్ అప్పుడప్పుడు దారి తప్పినట్టు వస్తాయి. ఎల్లో-బిల్డ్ వస్తే ఊళ్లోని పక్షిప్రియులంతా సెలవు పెడతారు. ఆర్కిటిక్ అయితే పడమటి అలాస్కాలో కొద్దిగా గూళ్లు కడుతుంది కానీ ఈ వైపు దాన్ని ఆశించడం అత్యాశ.

పేర్లతోనే తంటా

ఈ పక్షులకు వాడుక పేర్లు వాటి పెళ్లికళను, అంటే గూళ్లు కట్టే కాలపు రంగులను చూసి పెట్టారు. మనం చూసేది చలికాలంలో, ఆ కళ విడిచేశాక. రెడ్-థ్రోటెడ్ అంటే ఎర్రగొంతుది. బయూకి వచ్చినప్పుడు దాని గొంతు తెల్లగానో మాసిన బూడిదరంగులోనో ఉంటుంది. ఎల్లో-బిల్డ్ అంటే పసుపు ముక్కుది. అదే పక్షిని బ్రిటన్‌లో 'తెల్లముక్కు డైవర్' అంటారు, అక్కడే తెలుస్తోంది ఆ పసుపు ఎంత నమ్మదగిందో. పసిఫిక్ లూన్ ఫ్లోరిడాలో దొరికినప్పుడు పసిఫిక్ సముద్రం ఖండానికి అవతల ఉంటుంది. కామన్ లూన్ సంగతీ అంతే. మిన్నెసోటా 1961లో రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది, 1987 నుంచి కెనడా డాలరు నాణెం మీద ఉన్నది నల్లతల, గళ్లచొక్కా లాంటి వీపు ఉన్న పక్షి. దానికి ఎర్రటి కన్ను కూడా. ఇక్కడికి వచ్చాక నలుపు, గళ్లు పోతాయి, కన్ను కూడా గోధుమరంగుకి దిగుతుంది. ఆ నాణెం జేబులో వేసుకుని వచ్చిన కెనడా పర్యాటకుడు కూడా పోల్చుకోలేడు.

చిత్రంగా, శాస్త్రీయ నామమే ఎక్కువ సాయం చేస్తుంది. 1763లో ఎర్రగొంతు దానికి పెట్టిన పేరు స్టెల్లాటా, అంటే చుక్కలున్నది. చలికాలంలో దాని వీపు నిండా సన్నటి తెల్లచుక్కలుంటాయి, నువ్వులు చల్లినట్టు. గొంతు కోసం వెతక్కుండా వీపు చూసేవాడికి పక్షి దొరుకుతుంది.

కాబట్టి నా పద్ధతి తలకిందులు. అరుదైనవాటి గుర్తులు బట్టీపట్టడం కాదు, మామూలుదాన్ని దాని అన్ని వేషాల్లోనూ చూసి చూసి విసుగెత్తాలి. 'పసిఫిక్ లూన్ కనిపించింది' అని వచ్చే కబుర్లలో చాలావాటి వెనుక ఉండేది ఒక వింత కామన్ లూన్.

మామూలుదాని వేషాలు

చలికాలపు కామన్ లూన్‌కి మొద్దు తల. నుదురు నిటారుగా లేస్తుంది, నడినెత్తి చదునుగా ఉంటుంది. ముక్కు బాకులా బరువుగా, బూడిదరంగులో ఉంటుంది, దాని పై అంచు మాత్రం కొసదాకా నల్లగా సాగుతుంది. కంటి చుట్టూ తెల్లటి వలయం, అక్కడక్కడా తెగి. అన్నిటికన్నా ముఖ్యం మెడ. మెడ వెనుక నలుపు, ముందు తెలుపు, కానీ ఆ రెండూ కలిసే గీత తిన్నగా ఉండదు. మధ్యలో నలుపు ముందుకు పొడుచుకొచ్చి అరపట్టీలా కనిపిస్తుంది, దానిపైన తెలుపు వెనక్కి గంటు పెడుతుంది. ఎలుక కొరికిన అంచులా ఉంటుంది. మెడ వెనుక భాగం వీపు కన్నా నల్లగా ఉండటం మరో గుర్తు. దీన్ని మనసులో ఉంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

వయసుని బట్టి వీపు మారుతుంది. ఆ ఏడాదే పుట్టిన పిల్లకు ప్రతి ఈకకూ లేతరంగు అంచు ఉంటుంది కాబట్టి వీపు చేప పొలుసుల్లా అగపడుతుంది. పెద్దదానికి ఆ పొలుసులుండవు. పిల్ల ముక్కు ఇంకా పూర్తిగా ముదరదు, సన్నగా, పాలిపోయి ఉంటుంది. కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఇదే. సన్న ముక్కు చూసి పసిఫిక్ అనుకుంటారు, పాలిపోయిన ముక్కు చూసి ఎల్లో-బిల్డ్ అనుకుంటారు.

పరిమాణాన్ని అసలు నమ్మొద్దు. కామన్ లూన్ పొడవు 66 నుంచి 91 సెంటీమీటర్లు, పసిఫిక్ 58 నుంచి 74, రెడ్-థ్రోటెడ్ 53 నుంచి 69. పెద్ద పసిఫిక్ కన్నా చిన్న కామన్ చిన్నదే. పైగా ఒంటరిగా నీటి మీదున్న పక్షికి కొలబద్ద ఏముంటుంది? పక్కన పీతబుట్ట బెండో నీటికాకో ఉంటే సరే. లేకపోతే దూరంగా ఉన్నదల్లా చిన్నదనిపిస్తుంది. ఇంకో మోసం ఉంది. లూన్ ఈకల మధ్య గాలిని బిగించి వదిలేసి నీళ్లలోకి ఎంత కావాలంటే అంత దిగిపోగలదు. నిబ్బరంగా ఉన్నప్పుడు ఎత్తుగా తేలే పక్షే పడవ చూసి బెదిరితే మెడ మాత్రం పైకి పెట్టుకుని పోతుంది. అప్పుడు తల ఆకారమూ మారుతుంది, నెత్తిమీది ఈకలు అణిగి మొద్దు తల కాస్తా నున్నగా అవుతుంది.

నీటికాకి ఎలాగూ వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పేస్తాను. ఇక్కడి బయూల్లో నీటికాకులు లూన్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ముక్కు కొస కొక్కెంలా వంగి ఉంటుంది, ఈదేటప్పుడు ముక్కు ఆకాశం వైపు ఎత్తుతుంది, తోక పొడుగు. కట్టె మీద ఎక్కి రెక్కలు ఆరబెట్టుకుంటున్నది ఏదైనా అది లూన్ కాదు. కాళ్లు ఒంటికి మరీ వెనుక ఉండటంతో లూన్ గట్టిమీద సరిగ్గా నిలబడనైనా లేదు. మన చెరువుల్లోని మునుగుడు కోడికి ఇక్కడి చుట్టాలూ బయూల్లో మునుగుతుంటాయి కానీ అవి బాగా చిన్నవి, తోక ఉన్నట్టే ఉండదు.

రెడ్-థ్రోటెడ్, పసిఫిక్, ఎల్లో-బిల్డ్

రెడ్-థ్రోటెడ్‌ని దూరంనుంచే పట్టించేది దాని వాలకం. కింది దవడ పైకి వంపు తిరిగి ఉంటుంది, తల కూడా కాస్త ఎత్తి పట్టుకుంటుంది. ఎవరితోనో పంతం పట్టినట్టు. పెద్ద పక్షికి ముఖంలో తెలుపు ఎంత ఎక్కువంటే నల్లటి కన్ను ఆ తెలుపులో విడిగా చుక్కలా కనిపిస్తుంది. పిల్లలకు మాత్రం చలికాలం మొదట్లో ముఖం, మెడ మాసిపోయి ఉంటాయి. అప్పుడు కన్ను గుర్తు పనిచేయదు, ముక్కు వంపు, వీపు చుక్కలే దిక్కు. కామన్ లూన్ కూడా అప్పుడప్పుడు తల ఎత్తుతుంది కాబట్టి ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పొద్దు. పది నిమిషాలు చూస్తే ఏది దాని అలవాటో తెలుస్తుంది.

పసిఫిక్ లూన్ దగ్గరే నిజమైన ముడి ఉంది. 1985 దాకా అమెరికా పక్షిశాస్త్రజ్ఞులు దీన్ని విడి జాతిగా లెక్కించనే లేదు, ఆర్కిటిక్ లూన్‌లోనే కలిపేవారు. అలాస్కా, కెనడా టండ్రా సరస్సుల్లో పుట్టి, చలికాలం అలాస్కా నుంచి బాహా కాలిఫోర్నియా దాకా పడమటి తీరంలో గడుపుతుంది. అందులో కొద్దిపాటివి ఖండం దాటి ఇటు వస్తాయి. చూడాల్సింది ముందు మెడ. నలుపు తెలుపుల గీత సూటిగా, బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. కొరికిన అంచు లేదు, అరపట్టీ లేదు. తర్వాత మెడ వెనుక భాగం. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే: కామన్‌కి మెడ వెనుక వీపు కన్నా నలుపు, పసిఫిక్‌కి వీపు కన్నా లేత బూడిద. మంచి వెలుగులో వెండిపూత వేసినట్టుంటుంది. తల గుండ్రంగా, నున్నగా, నుదుటి గడ్డ లేకుండా ఉంటుంది. కంటి చుట్టూ తెల్ల వలయం ఉండదు, ముదురు రంగు కంటి కిందికి కూడా దిగుతుంది. ముక్కు సన్నగా, తిన్నగా, నీటికి సమాంతరంగా ఉంటుంది.

అందరూ చెప్పే గుర్తు ఇంకొకటుంది. గొంతు మీద అడ్డంగా సన్నటి నల్లగీత, హెల్మెట్ నాడాలాగా. కనిపిస్తే బ్రహ్మాండమైన సాక్ష్యం. కానీ చాలా పిల్లపక్షుల్లో అది లేదు, ఉన్నా మసకగా ఉంటుంది. ఇటు దారి తప్పి వచ్చేవాటిలో పిల్లలు తక్కువేం కావు. అందుకని నాడా ఉంటే పసిఫిక్ అనొచ్చు, లేనంతమాత్రాన కాదనకూడదు. ఈ ఒకవైపు తర్కం మర్చిపోయి మంచి పసిఫిక్‌లను వదిలేసినవాళ్లను చూశాను. ఆర్కిటిక్‌కి చెప్పే గుర్తు, నీటి గీత దగ్గర వెనుకవైపు పక్కలో తెల్లటి మచ్చ, దీనికి పూర్తిగా వ్యతిరేకం. పక్కకు ఒరిగి ఈకలు దువ్వుకునే ఏ లూనైనా కడుపు తెలుపు చూపిస్తుంది. కాబట్టి ఆ మచ్చ కనిపించినా తొందరపడకూడదు.

ఎల్లో-బిల్డ్ విషయంలో నా పరువు పోయిన కథ చెప్పాలి. ఒక జనవరి సాయంత్రం రాకీ బయూ స్టేట్ పార్కు ఒడ్డున నిలబడ్డాను. పొద్దు వాలుతోంది. పెద్ద లూన్, దంతంలాంటి పసుపు ముక్కు, మెరుస్తోంది. చెయ్యి వణుకుతూ నలుగురికి మెసేజ్ పెట్టేశాను. ఇద్దరు పరుగున వచ్చేసరికి సూర్యుడికి మబ్బు అడ్డొచ్చింది. ముక్కు బూడిదరంగుకి తిరిగింది, పై అంచు కొసదాకా నల్లగా తేలింది. కామన్ లూన్. వచ్చినవాళ్లు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. సాయంత్రపు వెలుగులో ఏ బూడిద ముక్కైనా పసుపే. అసలు ఎల్లో-బిల్డ్‌లో చూడాల్సింది ముక్కు రంగు కాదు, పై అంచు కొస సగం. అక్కడ నలుపు ఉండకూడదు, కొసదాకా పాలిపోయి ఉండాలి. దాంతోపాటు ముఖం లేత గోధుమరంగులో, చెవి దగ్గర ముదురు మచ్చతో ఉంటుంది. ముక్కు కాస్త పైకెత్తి ఈదుతుంది. ఇది లూన్లన్నిటిలోకీ పెద్దది, కానీ ఆ సంగతి ఆఖరున చూసుకోవచ్చు.

క్యాలెండరూ ఒక సాక్షే

ఈకలు రాల్చే కాలం గురించి పక్షుల పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉంటుంది, అందుకే ఎవరూ చదవరు. లూన్ల విషయంలో అది మొదటి పేజీలో ఉండాలి. చాలా పక్షులు రెక్క ఈకలను ఒకటి తర్వాత ఒకటి మార్చుకుంటాయి. లూన్ అన్నిటినీ ఒక్కసారే రాలుస్తుంది, కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేదు. పెద్ద కామన్ లూన్లకు అది చలికాలం రెండో సగంలో, ఇంచుమించు జనవరి నుంచి మార్చి లోపల జరుగుతుంది. పసిఫిక్, ఎల్లో-బిల్డ్‌లదీ అదే తీరు. రెడ్-థ్రోటెడ్ మాత్రం ఆ పని గూటి కాలం ముగిశాక, శరదృతువులోనే ముగించుకుంటుంది.

ఇందులో పోలికకు పనికొచ్చే సూక్ష్మం ఉంది. ఫిబ్రవరిలో ఒక లూన్ నీళ్లమీంచి లేచి ఎగిరిందంటే అది ఆ ఏడాది పిల్ల కావొచ్చు (పిల్లలు రెక్క ఈకలను తర్వాతి వేసవిదాకా మార్చవు), లేదా రెడ్-థ్రోటెడ్ కావొచ్చు. ఎలా లేచిందన్నదీ చూడాలి. బోలుగా కాక గట్టిగా, బరువుగా ఉండే ఎముకలతో కామన్ లూన్‌కి చాలా దూరం నీటి మీద పరుగు తీస్తేగాని గాలి అందదు. రెడ్-థ్రోటెడ్‌కి కొద్ది జాగా చాలు, లూన్లలో నేలమీంచి లేవగలిగేది అదొక్కటే. ఇరుకైన బయూ కొసన నాలుగు అంగల్లో లేచిపోయిన లూన్‌ని మరోసారి ఆలోచించాలి.

మార్చి చివరికి పెద్ద కామన్ లూన్లకు నల్లతల, గళ్లవీపు తిరిగి వస్తాయి. ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. మేలోనూ, జూన్‌లోనూ బయూలో బూడిదరంగుతో తిరుగుతున్నది కనిపిస్తే దాన్ని వింత జాతి అనుకోవద్దు. కామన్ లూన్ పిల్లలు మొదటి రెండు మూడేళ్లు ఉత్తరానికి వెళ్లకుండా సముద్రతీరంలోనే ఉండిపోతాయి.

ఎగరలేని పక్షి అన్న మాట గమనించే పద్ధతికీ వర్తిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫొటో కోసం కయాక్ వేసుకుని లూన్ వెంటపడటం నాకు నచ్చదు. అది పారిపోలేదు, మునగడం ఒక్కటే దారి, ప్రతి మునకకూ శక్తి ఖర్చు. కొత్త ఈకలు మొలిచే కాలంలో దానికి తిండి మామూలు కన్నా ఎక్కువ కావాలి. 1983 చలికాలంలో ఫ్లోరిడా గల్ఫ్ తీరంలో బక్కచిక్కిన లూన్లు వేల సంఖ్యలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఈ తీరంలో వాటి బతుకు పైకి కనిపించినంత తీరిగ్గా ఉండదు.

ఒడ్డునుంచి చూడటానికి పాత చిట్కా ఒకటుంది. లూన్ మునిగినప్పుడు నడవాలి, తేలే వేళకు ఆగిపోవాలి. రెండు మూడు మునకలు లెక్కపెడితే దాని లయ తెలుస్తుంది, సాధారణంగా నిమిషం లోపే. ఎనిమిది రెట్లు చూపే బైనాక్యులర్స్‌తో పక్షిని వెతుక్కోవచ్చు. మెడ గీత సూటిదా కొరికినదా అని తేల్చడానికి మాత్రం స్కోప్ కావాలి. సూర్యుడు వీపు వెనుక ఉండేలా ఒడ్డు ఎంచుకోండి. ఎండ ముదిరితే నీళ్లమీద గాలి వణుకుతుంది, తిన్నటి ముక్కు కూడా వంపు తిరిగినట్టు కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే వెళ్లాలి. ఫొటోలు తీస్తే ఒక్కటి కాదు, తల ఎత్తినప్పుడు, దించినప్పుడు, ఒరిగినప్పుడు, పది తీయండి. కూత కోసం ఆగొద్దు. వేసవి సరస్సుల్లో మారుమోగే ఆ ఏడుపులాంటి పిలుపు చలికాలంలో చాలా అరుదు.

చూసింది ఈబర్డ్‌లో, అంటే పక్షిప్రియులు తాము చూసినవి రాసే వెబ్‌సైటులో, నమోదు చేస్తే, ఆ ప్రాంతానికి అరుదైన జాతి అయితే అక్కడి సమీక్షకులు వివరాలు అడుగుతారు. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. 'పసిఫిక్ లూన్, ఖాయం' అని రాయడం కన్నా 'మెడ గీత సూటి, మెడ వెనుక వీపు కన్నా లేత, కంటి వలయం లేదు, నాడా కనపడలేదు, ఇరవై నిమిషాలు చూశాను' అని రాస్తే ఏ సమీక్షకుడూ గొడవ పడడు. డిసెంబరు 14 నుంచి జనవరి 5 మధ్య జరిగే క్రిస్మస్ పక్షుల లెక్కింపు, 1900లో మొదలైనది, సరిగ్గా లూన్లు ఇక్కడ నిండుగా ఉండే కాలంలోనే వస్తుంది. ఆ రోజు అనుభవజ్ఞుల పక్కన నిలబడి యాభై కామన్ లూన్లను చూస్తే నేను పైన రాసిందంతా ఒక పూటలో ఒంటబడుతుంది.

ఆ డిసెంబరు పొద్దుటి పక్షి సంగతి మిగిలిపోయింది. మెడ గీత సూటిగా ఉన్నట్టే ఉంది, ముక్కు సన్నమే. మెడ వెనుక రంగు మాత్రం పొగమంచులో తేలలేదు. మూడోసారి మునిగాక ఒక చేపల పడవ బయూలోకి వచ్చింది, పక్షి మళ్లీ నాకు కనిపించలేదు. ఈబర్డ్‌లో జాతి తేలని లూన్‌కి విడిగా ఒక గడి ఉంది. అందులో ఒకటి అని కొట్టి, కాఫీకి ఇంటికి వెళ్లిపోయాను.